చెయ్యెత్తు చెక్క

ఇటు రా బిడ్డా, జర దగ్గరికి జరుగు. ఆ ఫోను బోర్లా పెట్టు, మోగితే మోగనీ. కొత్తింట్లో వంటగోడకు చెక్కలు కొట్టించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. కొట్టించుకో, వద్దనను. కాని గోడలో మొల దిగకముందు ధనలక్ష్మి ముచ్చట ఒకసారి విని పో.

సూర్యాపేటలో మార్కెట్ యార్డు వెనక సందులో జానయ్య ఇల్లు. గొర్రెల బేరం ఆయన పని. సంతలో గొర్రె నడుం మీద చెయ్యి వేసి బరువు చెప్పేస్తాడు గాని, సొంత వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందంటే దిక్కులు చూస్తాడు. ఆయన మొదటి భార్య ఆండాలు మంచి పొడగరి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ పక్కన నిలబడి, చెయ్యెత్తి, అరచెయ్యి గోడకు ఆనించి ఇక్కడ కొట్టు అని చూపించిందట. వంటింటి చెక్క అట్లాగే పడింది. తలుపు పైగడియ, బట్టల దండెం, ముఖం చూసుకునే అద్దం, అన్నీ ఆమె ఎత్తుకే పడ్డాయి. ఆ ఇంట్లో ఆమె మునివేళ్ల మీద లేవడం ఎవరూ చూడలేదు. అంత కుదురుగా పెట్టుకున్న ఇంట్లో ఎక్కువకాలం ఉండలేకపోయింది పాపం. జ్వరమని దవాఖానకు తీసుకుపోతే తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు, ఉమ. అప్పటికింకా ఏం కావాలన్నా అమ్మ కొంగు పట్టి లాగే వయసు.

కొన్నాళ్లకు జానయ్య మాడుగులపల్లి నుంచి ధనలక్ష్మిని చేసుకొచ్చాడు. మిర్యాలగూడ దగ్గరి ఊరది. మనిషి పొట్టి, చెయ్యి చురుకు, మాట మెత్తన. కాపురానికి వచ్చిన నాడు పొయ్యి దగ్గర నిలబడి తల ఎత్తితే ఆమెకు చెక్క అడుగుభాగమే కనిపించింది. అద్దంలో చూసుకుంటే పాపిట కనిపించింది, బొట్టు సగం కనిపించింది, ముఖం మాత్రం లేదు. ఎవరిని ఏమంటుంది? ఒక పీట తెచ్చుకుంది. పసుపుకు పీట, పోపు డబ్బాకు పీట, తలుపు గడియకు పీట.

"ధనలచ్చిమి యాడుందో ఎతికే పనే లేదు. పీట గీసుకునే సప్పుడు ఎటు ఇనబడితే అటే ఉంటది" అని జానయ్య నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఆ ఇంట్లో చెడ్డవాళ్లెవరూ లేరు. ఉమ ఆమెను నోరారా చిన్నమ్మా అనేది, ఆమె చేతనే జడ వేయించుకునేది. ఎదిగాక పైనున్న డబ్బాలు అడగకముందే తీసిచ్చేది. కాని అట్లా చేతిలోకి డబ్బా వచ్చిన ప్రతిసారీ ధనలక్ష్మికి గుండెలో ఒక చిన్న ముల్లు కదిలేది. ఈ ఇల్లు ఇంకా వేరే చేతి కోసమే చూస్తోందని. నగలు అడగాలని ఆమెకు లేదు, పట్టుచీర మీద మనసు లేదు. పొయ్యి దగ్గర నిలబడి, మడమ లేపకుండా, ఎవరినీ పిలవకుండా చెయ్యి చాపితే అందే ఒక్క చెక్క కావాలి. ఆ చెక్క అందిన రోజు తాను ఈ ఇంటి మనిషి అవుతుందని ఆమె లెక్క. ఎంత చిన్న కోరికో చూడు, అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

ఉమకు కోదాడ సంబంధం కుదిరింది. ఆ పనుల హడావుడిలో ధనలక్ష్మి పీట మీది నుంచి జారి పడింది. చీలమండ బూరెలా వాచింది. జానయ్య పసరు కట్టు కట్టించుకొచ్చి, మంచం మీద కూర్చోబెట్టాడు.

"రేపు ఇనుప స్టూలు తెస్త తియ్యి. కాళ్లకు రబ్బరుంటది, జారదు" అన్నాడు.

"నాకు స్టూలొద్దు ఉమ నాయినా. ఆ సెక్క కిందికి దించాలె."

ఇన్నేళ్లకు నోరు విప్పింది. జానయ్య కూతురి వైపు చూశాడు. ఉమ చీరలు మడతపెడుతోంది. తల ఎత్తకుండానే అంది. "అది మా అమ్మ పెట్టించుకున్నది చిన్నమ్మా. నేను పోయినంక నీ ఇష్టం. అప్పటిదాంక ఉండనియ్యి."

గట్టిగా అనలేదు, కోపంగా అనలేదు. అట్లా అన్నా బాగుండేది. ధనలక్ష్మి కాసేపు తన కాలి కట్టు వైపే చూసింది.

"నువ్వు పోయినంక దించితే, నువ్వెప్పుడు పోతవా అని ఎదురుసూసినట్టుంటది బిడ్డా. దించితే నువ్వున్నప్పుడే, నువ్వు ఊ అంటేనే. అననంటవా, అది గట్లనే ఉంటది. నేను గిట్లనే ఉంట."

ఉమ ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు.

ధనలక్ష్మి తమ్ముడు సతీష్ మిర్యాలగూడలో వడ్రంగం చేస్తాడు. ఇంట్లో అందరూ గొర్రెలు కాస్తే వాడొక్కడు రంపం పట్టాడు. అక్క పడిందని తెలిసి ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. సంగతంతా విని నవ్వాడు.

"దించుడెందుకక్కా? పాతదాన్ని ముట్టకు. దాని కింద ఇంకోటి కొట్టుకుందం. గోడేమన్న కిరాయిదా? ముందుగాల పొయ్యి ముంగట నిలబడు. మడిమె లేపకు. చెయ్యి చాపి అరచెయ్యి గోడకు ఆనియ్యి. యాడ ఆనుతదో గాడ బొగ్గుతోని గీత గియ్యి. రోజూ ముట్టే డబ్బాలు ఆ గీత దాటి పైన ఉండొద్దు. పండుగ గిన్నెలు, గంగాళాలు పైకి పోనియ్యి."

"నిలబడేటట్టుంటే నీతోని ముచ్చటెందుకు పెడతనురా?"

"ఒంటికాలు మీద నిలబడు. కొంగలు నిలబడ్తలేవా."

ఉమకు నవ్వొచ్చింది. ఫోను స్పీకర్‌లో ఉంది కదా, అంతా వింటోంది. కింద కొత్త చెక్క వేస్తే పైది ఉంటుంది గాని ఊరికే ఉంటుందని ఆమెకు తెలుసు. అయినా లేచి వచ్చి చిన్నమ్మ నడుం పట్టుకుంది. ఆ పిల్ల భుజం ఆసరాతో ధనలక్ష్మి పొయ్యి దగ్గర నిలబడి గీత గీసింది. పాత చెక్కకు చాలా కిందుగా పడింది గీత. ఇద్దరూ దాన్ని చూశారు.

"పొడుగెంత రావాల్నో టేపు పెట్టి చెప్పు" అన్నాడు సతీష్.

"టేపును మీ బావ గొర్ల కొట్టం కాడ యాన్నో ఇడిసిపెట్టొచ్చిండు."

"మూరేసి చెప్పు పో. మనింట్ల టేపుతోని ఎన్నడు కొలిసినం?"

అది వాళ్ల పుట్టింటి అలవాటు బిడ్డా. వంటింట్లో ఏది చేయించినా ఆ వంటింటి ఆడమనిషి మూరతోనే కొలత. మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక మూర. పీట గాని, బల్ల గాని, ఆమె చేతి కొలతకు చేస్తే ఆమె చేతికే ఒదుగుతుందని వాళ్ల నమ్మకం. ధనలక్ష్మి పెళ్లిలో చెక్కపెట్టె చేసినప్పుడు సతీష్ అక్క మూరను ఒక వెదురు బద్దకు గంటు పెట్టి దాచుకున్నాడు.

ధనలక్ష్మి అప్పటికే మంచం మీద చేరగిలబడింది. కిటికీ అంచు నుంచి మూల దాకా ఉమే మూర వేసింది. "రెండు మూరల జానెడు" అంది. ధనలక్ష్మి అదే మాట ఫోనులో చెప్పింది. ఎవరు కొలిచారో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

"ఏప సెక్క తెస్తనక్కా, చెద పట్టదు. నీడకు ఆరబెట్టిందే ఉన్నది. ఎండకు ఆరబెడితే ఒంకర తిరుగుతది" అని సతీష్ ఫోన్ పెట్టేశాడు.

మూడో నాడు పొద్దున సతీష్ బస్సు దిగి, భుజాన చెక్కతో సందులోకి వచ్చాడు. వస్తూ వస్తూనే నవ్విస్తున్నాడు. "కండక్టర్ ఏమన్నడో తెల్సా బావా. ఈ ప్యాసింజర్ కూసుంటదా, నిలబడి వస్తదా అన్నడు."

చెక్కను దాని నరం, అంటే చెక్కలోని చారల వెంట చిత్రిక పట్టి, గాజులా నున్నగా తెచ్చాడు. నరానికి ఎదురు పడితే పీచు లేస్తుంది, నువ్వు చేయించేటప్పుడు వేలితో నిమిరి చూసుకో. సరే, ఇంట్లోకి వచ్చి, మొల కొట్టకముందే చెక్కను గోడకు ఆనించి చూశాడు. ఎప్పుడైనా అట్లాగే చూడాలి. చూస్తే ఏముంది, మూల దగ్గర బెత్తెడు ఖాళీ. ఇటు జరిపితే అటు, అటు జరిపితే ఇటు.

సతీష్ ముఖం వాడిపోయింది. బద్ద తీసి మళ్లీ కొలిచాడు. "నేనెట్ల తప్పుతనక్కా? రెండు మూరల జానెడేనంటివి. నీ చెయ్యి నాకు తెల్వదా?"

"నేను కొలవలే తమ్మి. ఉమ కొలిసింది."

సతీష్ ఉమను పిలిచి, ఆమె మోచేతి పక్కన బద్ద ఆనించాడు. బద్ద మీది గంటు దాటి ఆ పిల్ల వేళ్లు ఎంతో ముందుకు పోయాయి. "గిదా సంగతి. కోడలా, గింత పొడుగు చెయ్యి యాన్నుంచి తెచ్చుకున్నవ్?" అన్నాడు పరాచికంగా.

గడప దగ్గర చాయ్ తాగుతున్న జానయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఆండాలుది గంతే ఉంటుండె" అన్నాడు.

ధనలక్ష్మి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదలు. అన్నాక తానే కంగారుపడి ధనలక్ష్మి వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఉమనే చూస్తోంది.

ఉమ తన చెయ్యి తానే తిప్పి చూసుకుంది. తర్వాత మెల్లగా పోయి పాత చెక్క కింద నిలబడి, మడమ లేపకుండా చెయ్యెత్తింది. అరచెయ్యి చెక్క మీద సాఫుగా ఆనింది. ఎన్నేళ్ల నుంచో ఆ చెక్క మీది డబ్బాలు తీస్తూనే ఉంది. తన చెయ్యి అమ్మ చెయ్యి ఎత్తుకు ఏనాడు చేరిందో మాత్రం చూసుకోలేదు. చెయ్యి దించకుండా అట్లాగే నిలబడి ఉంది. ఆ పిల్ల వీపు కదులుతోంది. ధనలక్ష్మి కుంటుకుంటూ పోయి ఆ వీపు మీద చెయ్యి వేసింది, ఆమె చెయ్యి అక్కడిదాకే అందింది.

"కొట్టు మామా. చిన్నమ్మ గీత మీదనే కొట్టు" అంది ఉమ, వెనక్కి తిరగకుండా.

పొడుగైతే కోయవచ్చు, పొట్టిదాన్ని పెంచలేము. సతీష్ తెలివిగా చెక్కను నడుమకు జరిపి, మిగిలిన ఖాళీని రెండు పక్కలకు సమంగా పంచి, అక్కడ గంటెలు తగిలించుకోవడానికి కొక్కేలు బిగించాడు. గోడను వేళ్లతో తట్టి, గుల్ల మోగిన చోట వదిలి, గట్టిగా పలికిన చోట బెజ్జం వేశాడు. సీసాలో సగం నీళ్లు పోసి చెక్క మీద పడుకోబెట్టి, నీళ్లు ఏ పక్కకూ ఒరగకుండా సరిచూశాడు. స్క్రూకు సబ్బు రాస్తే కొబ్బరికాయలో దిగినట్టు దిగింది. గోడకూ చెక్కకూ నడుమ వేలు పట్టే సందు వదిలాడు, చెమ్మ ఎక్కకుండా.

పెళ్లయింది. ఉమ కోదాడ పోయింది.

ఇప్పుడు చూడు బిడ్డా, ధనలక్ష్మి కోరుకున్న చెక్క ధనలక్ష్మి ఎత్తున ఉంది. చెయ్యి చాపితే ఉప్పు, చెయ్యి చాపితే కారం. కాని పొయ్యి మీద పోపు చిటపటలాడుతుంటే నోరు మాత్రం "ఉమా, జర ఆ డబ్బా" అని వెనక్కి తిరిగి పిలిచేది. పిలిచాక గుర్తొచ్చేది, పిల్లా లేదు, అడగాల్సిన పనీ లేదని. పైన పాత చెక్క మీద ఏమీ లేదు. దాని మీద దుమ్ము తుడవాలన్నా ఆమెకు అందదు. అయినా దాన్ని తీయించలేదు. పాతదాని గురించి ఉమ ఊ అనలేదు కదా.

జానయ్యే ఒకసారి అన్నాడు. "పైది ఉత్తగనే ఉన్నది గద, తీసేద్దామా?"

"పిల్ల చెప్పలే" అంది ఆమె. అంతే.

వానలు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉమ ఫోన్ చేసింది. తిన్నావా, నాయిన తిన్నాడా అని అయ్యాక అసలు మాటకొచ్చింది. 

"చిన్నమ్మా, ఈడ అన్ని కిందనే ఉన్నయి."

"ఏంది బిడ్డా?"

"వంటింట్ల. మా అత్తమ్మ అచ్చం నీ లెక్కనే ఉంటది. అన్ని ఆమె ఎత్తుకే. ఉప్పుకు వంగాలె, పప్పుకు వంగాలె. లేస్తే సెక్క నెత్తికి తాకుతది. పొద్దుమీకంగనే నడుం పట్టేస్తది."

"మరి అడుగరాదు మీ అత్తని, నీకొకటి పైకి కొట్టియ్యిమని."

"ఎట్లడుగుత చిన్నమ్మా? ఆమె పెట్టుకున్నది."

కోదాడ వైపు ఏదో లారీ హారన్ వినిపించి పోయింది. ఆ తర్వాత ఉమ గొంతు చిన్నగా వచ్చింది. 

"మన పై సెక్క... ఉన్నదా?"

"యాడికి పోతది? నువ్వు ఊ అనంది ముట్టుకుంటనా?"

"ఊ అంటున్న చిన్నమ్మా. తీస్కరా."

పాత మొలలు తుప్పు పట్టి ఉంటాయి, బలవంతంగా పీకితే గోడ పెళ్లలు లేస్తాయి. అందుకని ధనలక్ష్మి ముందునాడే మొలల మొదట్లో కిరసనాయిలు చుక్కలు వేయించింది. మరునాడు జానయ్య చెక్కను కింది నుంచి భుజంతో మోస్తుంటే, పక్కింటి పిల్లవాడు మొలలు లాగాడు. చివరి మొల ఊడాక కూడా జానయ్య చెక్కను కిందికి దించలేదు. కాసేపు అట్లాగే భుజాన పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తన తువ్వాలతోనే దుమ్మంతా తుడిచి, పాత చీరలో చుట్టి, ధనలక్ష్మితో పాటు కోదాడ బస్సులోకి తానే ఎక్కించి, ఇంటికి మళ్లాడు.

కోదాడలో ఉమ అత్త దేవమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సరిగ్గా ఒకే ఎత్తు.

"అయ్యో వదినా, ఇంతదూరం చెక్క మోసుకొచ్చారా? ఈ పిల్ల నోరు విప్పి అడగదు. రోజూ నడుం పట్టుకుని కూర్చుంటుంటే మావాడి మీద అలిగిందేమో అనుకున్నా. అటు గోడంతా ఖాళీనే, పెట్టుకోమనండి. నాకేమన్నా అందాలా ఏంటి?"

ఉమ భర్త సునీల్ ఎవరి దగ్గరో డ్రిల్లింగ్ మిషన్ అడిగి తెచ్చాడు. చెక్క ఆ గోడకు కొంచెం పొడుగైంది. "అత్తా, చివర కోసేద్దామా?" అన్నాడు. ఉమ కోయనివ్వలేదు. చెక్కను తలుపు వైపుకు జరిపి చోటు చేసుకుంది. గోడ దగ్గర నిలబడి, చెయ్యెత్తి, అరచెయ్యి ఆనించి, "గీడ" అంది. జానయ్య కూడా వచ్చి అది చూసి ఉంటే ఏమనేవాడో. ధనలక్ష్మి గోడ తట్టి చెప్పింది, సీసాలో నీళ్లు పోసి చూసింది, స్క్రూలకు సబ్బు రాసి ఇచ్చింది. చెక్క కుదురుకున్నాక ఉమ పైనుంచి పంచదార డబ్బా తీసి, చిన్నమ్మకు చాయ్ పెట్టింది. వంగలేదు, మునివేళ్ల మీద లేవలేదు.

బస్సు దగ్గర ఉమ చిన్నమ్మను వదల్లేదు. "ఇగ ఆడ పైనేమున్నది చిన్నమ్మా?" అని అడిగింది.

"ఏమున్నది, గోడ" అంది ధనలక్ష్మి.

ఇంటికొచ్చి చూస్తే ఆ గోడ మీద చెక్క ఉన్నంత మేర పొగ అంటని తెల్లటి పట్టీ ఒకటి మిగిలింది. మిగతా గోడంతా నూనె రంగుకు తిరిగింది. సున్నం డబ్బా తెస్తానన్నాడు జానయ్య.

"వద్దు. ఉండనియ్యి" అంది ఆమె. ఆ వంటింట్లో ఇప్పుడు ఆమెకు అందనిది అదొక్కటే. అందాలని ఆమెకు లేదు. వంట చేస్తూ చేస్తూ తల ఎత్తి ఆ తెలుపును చూస్తుంది, కోదాడలో ఉమ ఇప్పుడు ఏ డబ్బా తీస్తుందో అనుకుంటుంది, మళ్లీ పొయ్యి వైపు తిరుగుతుంది.

ఇదీ సంగతి బిడ్డా. నీళ్ల సీసా, సబ్బు, నీడకు ఆరిన వేప చెక్క, ఇవి మరిచినా వడ్రంగి గుర్తు చేస్తాడు. ఆ గోడ దగ్గర రోజూ ఎవరు నిలబడతారో వాళ్లను పిలిచి, చెయ్యెత్తమని అడగాల్సింది మాత్రం నువ్వే. ఈ ముచ్చట మనసులో పెట్టుకో. రేపు నీ వంటింట్లోకి కొత్త మనిషి ఎవరైనా వస్తే, ఇట్లాగే దగ్గర కూర్చోబెట్టుకుని, ఆండాలు పేరు, ధనలక్ష్మి పేరు రెండూ చెప్పి వినిపించు.